పెద్ద నర్సు లేని రోజు

ప్రొద్దుటూరు,
12 జూన్ 2025

మిత్రుడు ఓబులేసుకు,

ఉత్తరం చూసి ఉలిక్కిపడకు. ఫోనులు ఇన్ని ఉండగా శెట్టికి ఇదేం బుద్ధి పుట్టింది అనుకుంటావు. నాకు చెవులు పోయిన సంగతి నీకు తెలుసు. ఫోనులో అవతలివాళ్ళు అరవాలి, నేనూ అరుస్తాను, పక్క గదిలో పడుకున్న రత్న అంతా వింటుంది. వాట్సప్పులో పెడితే కోడలు రమ్యశ్రీ నాకంటే ముందే చదివేస్తుంది. అందుకని నువ్వు కూడా ఉత్తరమే రాయి. ఇంటికి కాదు, అంగడి చిరునామాకు.

మా సుబ్బరత్నమ్మకు కడుపులో ఉన్నది పుండు కాదు, క్యాన్సర్. ఆమెకు మాత్రం పుండు అనే చెప్పాం. మొన్న కర్నూలు డాక్టరు నన్నూ మా అబ్బాయి వాసుదేవ్‌నూ లోపలికి పిలిచి, ఇక వైద్యం వద్దు, ఉన్న నాలుగైదు నెలలు నొప్పి లేకుండా చూసుకోండి అన్నాడు. అలా చూసుకునే చోటు ఒకటి కర్నూలులోనే నంద్యాల రోడ్డులో ఉందట. పేరు నెమ్మది ఇల్లు. జబ్బు బాగుచేసే ఆసుపత్రి కాదు, బాగుకానివాళ్ళను చివరిదాకా కనిపెట్టుకుని ఉండే ఇల్లు.

మా అమ్మ పోయినప్పుడు నువ్వు వచ్చావు. అంతకుముందు ఆరు వారాలు నువ్వు చూడలేదు. ఆమె అరుపు వీధి చివర సోడా బండి దాకా వినిపించేది. సేవంతా రత్నే చేసింది. కర్మ అంతా అయ్యాక నాతో ఒకటే మాట అంది: "నాకు మాత్రం ఇట్ల రానియ్యొద్దండి." ఇన్నేళ్ళ సంసారంలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే, చీరలు పక్కన పెడితే.

కాబట్టి నువ్వు పోయి ఆ ఇల్లు చూసిరా. నలభై ఏళ్ళు వేరుశనగ కొన్నవాణ్ణి చెబుతున్నాను, బస్తా మూతి దగ్గర కాయ ఎప్పుడూ బాగానే ఉంటుంది, చెయ్యి అడుక్కు పోవాలి. వాళ్ళు చూపించే గదులు చూడకు. పడుకున్నవాళ్ళ నోరు చూడు, ఎండి పొక్కిందా, తుడిచి ఉందా. వీపు చూడనిస్తే చూడు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా నొప్పి అని మూలిగితే మందు ఎంతసేపటికి వస్తుందో గడియారం పెట్టుకుని చూడు. ఇంకో మాట. అక్కడ పెద్ద ఎవరో కనుక్కుని, ఆ మనిషి లేని రోజు పో. యజమాని గల్లా దగ్గర కూర్చున్నప్పుడు ఏ అంగడైనా మంచిదే.

మీ అమ్మాయి యామిని కర్నూలులోనే పెద్ద ఆసుపత్రిలో నర్సు కదా, ఆ పాపకు ఈ చోటు సంగతి తెలిసే ఉంటుంది. అయినా నాకు విన్నమాట వద్దు. నీ కళ్ళు కావాలి.

నీ
వీరభద్రయ్య


నందికొట్కూరు,
24 జూన్ 2025

శెట్టీ,

నీ ఉత్తరం చదివి మా సిద్దమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ ఆ పూట అన్నం సయించలేదు. రత్నమ్మ నాకు రాఖీ కట్టని చెల్లెలు.

ఆదివారం పోయాను. నువ్వు చెప్పినట్టే అక్కడి పెద్ద నర్సు సెలవులో ఉన్న రోజు. నేనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. ఎవరినో చూడవచ్చిన చుట్టంలాగా వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు, గ్లాసుతో మజ్జిగ ఇచ్చారు. పద్నాలుగు మంచాలు. దొంగలాగా తిరిగి నోళ్ళన్నీ చూశాను. ప్రతి నోరూ తుడిచి ఉంది, పెదవులకు నెయ్యి రాసి ఉంది. పత్తికొండ వైపు ముసలావిడ ఒకామెకు వీపు ఎలా ఉందని అడిగితే ఆమె కూతురు, "సూడప్పా, ఇంట్లో ఉన్నెప్పుడు నా గుప్పిడి పట్టేంత పుండు ఉండె. ఇప్పుడు రూపాయి బిళ్ళంత గుడక ల్యా" అని దుప్పటి తొలగించి చూపించింది. నిజమే.

గోడకు పంచాంగం వేలాడుతోంది. ఇదెందుకని పనిచేసే ఆయమ్మను అడిగాను. "పోయిన నచ్చత్రం మంచిది కాకపోతే ఇల్లు పాడుపెట్టాల్నేమో అని శానామంది భయపడతారు సామీ. అడిగినోళ్ళకు సూసి చెప్తాం. ఈడ మాత్రం ఏ గదీ మూసిపెట్టం" అంది. నాకు ఆ మాట నచ్చింది.

ఇక పెద్ద నర్సు గురించి ఎంత చెప్పినా తక్కువే. మనిషి లేకపోయినా అందరి నోటా ఆమె మాటే. అక్క ఇట్ల చెప్పింది, అక్క వచ్చినాక అడుగుదాం. ఆమెను కన్న తల్లిదండ్రులు ఎవరోగానీ పుణ్యాత్ములు. మొత్తంమీద వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు. నిశ్చింతగా తీసుకురా.

నీ
ఓబులేసు


ప్రొద్దుటూరు,
1 జూలై 2025

ఓబులేసూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ పెళ్ళిలో నీ ఇంటి లడ్డూకే వంక పెట్టినవాడివి నువ్వు. హాస్టల్లో సాంబారు మీద వార్డెనుకు అర్జీ రాసి అందరి చేతా సంతకాలు పెట్టించిందీ నువ్వే. అలాంటివాడివి ఇంత పొడుగు ఉత్తరంలో ఒక్క రాయి కూడా ఏరలేదు. ఒక్క మట్టిగడ్డ కూడా లేని బస్తా వస్తే నేను మెచ్చుకోను, నేలమీద కుమ్మరించి చూస్తాను.

గడియారం మాట నువ్వు రాయలేదు. నేను అడిగినవాటిలో ముఖ్యమైనది అదే. మరిచావా, దాచావా?

ఆ పుణ్యాత్ముల గోల ఏమిటి? పెద్ద నర్సు లేని రోజు పోయి, ఆమె మొహం కూడా చూడకుండా ఆమెను కన్నవాళ్ళకు దండం పెట్టి వచ్చావు.

రత్న నిన్న కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, అట్లాగే వదిలేసి లేచిపోయింది. నొప్పి అనలేదు. పెదవి కొరుక్కుంది. ఈ నెలలోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి. నా చేతిలో ఉన్నది నీ మాట ఒక్కటే. అది గట్టిదా కాదా చెప్పు.

వీరభద్రయ్య


నందికొట్కూరు,
6 జూలై 2025

వీరభద్రా,

దాచాను. ఒకటి కాదు, రెండు దాచాను.

మొదటిది. ఆ ఆదివారం నేను వరండాలో ఉండగానే, పన్నెండు దాటాక, రంగన్న అని ఆత్మకూరు పాత లారీ డ్రైవరుకు నొప్పి పెరిగింది. రోజూ ఇచ్చే మందు చాలలేదు, పైన ఇంకో మార్ఫిన్ మాత్ర కావాలి. ఆ మాత్రలు మామూలువి కావు. బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి, ఒక్కొక్కటీ రాసిపెట్టాలి. తాళంచెవి పెద్ద నర్సు తనతో ఊరికి తీసుకుపోయింది. ఆ పూట ఉన్న నర్సు ఫోను మీద ఫోను చేస్తోంది. ముసలాయన పక్కన ఎవరూ లేరని నేను పోయి కూర్చున్నాను. నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇంగ ఎంతసేపు సామీ, ఎంతసేపు" అని అడుగుతూనే ఉన్నాడు. గడియారం చూశాను. గంటా పది నిమిషాలు.

రెండోది. ఆ పెద్ద నర్సు మా యామిని.

నాలుగేళ్ళ క్రితమే పెద్ద ఆసుపత్రి మానేసి అక్కడ చేరింది. మా ఊర్లో దాన్ని చావులాసుపత్రి అంటారు. రెడ్ల ఇంటి పిల్ల పోయేవాళ్ళ నోళ్ళు తుడిచి, పోయినవాళ్ళ ఒళ్ళు కడుగుతుందని తెలిస్తే నలుగురిలో తలెత్తుకోలేనని, అడిగినవాళ్ళందరికీ ఇంకా పాత ఆసుపత్రి పేరే చెబుతున్నాను. నీకూ అదే చెప్పాను. అంతకుముందు నేను ఆ గడప ఏనాడూ తొక్కలేదు కాబట్టే అక్కడ నన్నెవరూ గుర్తుపట్టలేదు.

ఆ ఆదివారం పాప మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఆమె అక్కడ లేని రోజు ఇదే కదా అని, చేనికి పోయొస్తానని చెప్పి నేను కర్నూలు బస్సెక్కాను. ఫోను వచ్చేసరికి పాప సగం అన్నంలో ఉందట. ఎంగిలి చెయ్యి కడుక్కుని స్కూటీ తీసింది. వాకిట్లో స్కూటీ ఆగిన చప్పుడు విని నేను రంగన్న చెయ్యి విడిపించుకుని వెనక గేటు నుంచి జారుకున్నాను. కన్నకూతురికి జడిసి పారిపోయిన మొగాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తాళంచెవి ఇంకొకరి చేతికి ఇవ్వకపోవడం ఆమెకు వచ్చిన నా బుద్ధే. వడ్ల గది తాళంచెవి నేను మొలతాడుకు కట్టుకుని తిరుగుతాను, సిద్దమ్మకు కూడా ఇవ్వను. బిడ్డ తప్పు రాస్తే నా తప్పు రాసినట్టవుతుందని మింగేశాను. మెచ్చుకోలు మాత్రం నోరారా రాసుకున్నాను. నన్ను తిట్టు.

ఓబులేసు


ప్రొద్దుటూరు,
11 జూలై 2025

ఓబులేసు రెడ్డికి,

తిట్టడానికి ఒక రోజు ఆగాను. ఆగకపోతే ఈ కాగితం కాలిపోయేది.

గంటా పది నిమిషాలు. మా అమ్మ సంగతి అంతా చదివి కూడా, ఇది కళ్ళారా చూసి కూడా, నిశ్చింతగా తీసుకురా అని రాశావు. మీ పాప ఏ పని చేస్తే నాకేం? నా భార్యను అబద్ధం మీద పడుకోబెట్టబోయావు. ఇది నేను మరిచిపోను.

ఇక పని మాట. రాయి లేని బస్తా ఉండదు. రాయి బయటపడ్డాక తెచ్చినవాడు ఏం చేస్తాడా అని నేను చూస్తాను. కొందరు అది రాయే కాదంటారు. కొందరు కూలివాళ్ళ మీద పెడతారు. మీ పాప ఆ తరవాత ఏం చేసింది? ఈసారి ముందు గేటు నుంచి పోయి కనుక్కో.

వీరభద్రయ్య


నందికొట్కూరు,
18 జూలై 2025

శెట్టీ,

నీ తిట్లు అందాయి. తక్కువే తిట్టావు.

బుధవారం ముందు గేటు నుంచే పోయాను. యామిని నన్ను చూసి బిత్తరపోయి, "నాయనా, అమ్మ బాగుండాదా?" అంది. వరండాలో నిలబడే అంతా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"రంగన్న తాత చెప్పినాడు, ఎవురో సామి పక్కన కూసోనుండె, నా చెయ్యి ఇడిపించుకొని పాయ అని. అది నువ్వా?"

"నేనే పాపా."

"ఇంగ కొంచేపు ఉండాల్సింది నాయనా. మాత్ర ఏసినాక అది పని చేసేదానికి ఇంగా సేపు పడతాది. అంతసేపూ తాత నీ చెయ్యి కోసం ఎతికినాడు."

అరిచినా బాగుండేది.

తల తిప్పుకుంటే గోడమీద నల్లబల్ల కనబడింది. రాసి ఉన్నది ఉన్నట్టు నీకు దించి పంపుతున్నాను: "జూన్ 22 ఆదివారం రంగన్న గారికి నొప్పి మందు డెబ్బై నిమిషాలు ఆలస్యమైంది. కారణం, బీరువా తాళంచెవి నేను ఊరికి తీసుకుపోవడం. తప్పు నాది. ఇకనుంచి రెండో తాళంచెవి ఏ పూట నర్సు దగ్గర ఆ పూట ఉంటుంది. యామిని, పెద్ద నర్సు." ఆ సాయంత్రమే రాసిందట. అందరి మంచాల దగ్గరికీ పోయి, కళ్ళు కనిపించనివాళ్ళకు చదివి వినిపించిందట. రిజిస్టరులో రాస్తే చాలు కదా అని డాక్టరు రాజశేఖర్ అన్నా వినలేదని ఆయమ్మ చెప్పింది.

"మూన్నాలుగు వారాలాయ గదా. వచ్చేపోయేవాళ్ళు సదువుతారు, చెరిపెయ్యగూడదా?" అన్నాను.

"సదవాలనే రాసినా నాయనా. ఏడాది ఉంటాది."

శెట్టీ, తప్పు ఒప్పుకున్నవాడు మా వంశంలో లేడు. పక్క చేని గట్టు రెండడుగులు జరిపి, వానకు గట్టే జరిగింది అన్నవాళ్ళం. ఆ బల్ల ముందు నిలబడితే నాకు ఛాతీ ఉబ్బింది. ఉన్నమాట చెబుతున్నాను, ఆమె మెడిసిన్ సీటు తెచ్చుకుని ఉన్నా నేను ఇంత గర్వపడేవాణ్ణి కాదు. ఈమె నా కూతురు అని అక్కడే కేక పెట్టాలనిపించింది. పడుకున్నవాళ్ళు లేస్తారని ఊరుకున్నాను. రంగన్న ఇంకా ఉన్నాడు. పోయి సాయంత్రం బస్సు దాకా ఆయన పక్కనే కూర్చున్నాను.

ఈసారి నిన్ను తీసుకురా అనను. చూసింది రాశాను, తేల్చుకోవలసింది నువ్వు.

ఓబులేసు


నెమ్మది ఇల్లు, కర్నూలు,
2 సెప్టెంబరు 2025

ఓబులేసూ,

నువ్వు ప్రతి గురువారం వస్తూనే ఉన్నావు, మళ్ళీ ఉత్తరమెందుకు అంటావేమో. నాతో మాట్లాడాలంటే అరవాలి, ఇక్కడ అరవకూడదు. అందుకని పక్క మంచం మీద కూర్చుని రాస్తున్నాను. రత్న నిద్రపోతోంది.

వచ్చిన మొదటి రోజే మీ పాప, "అత్తా, నీ జబ్బు గురించి నీకేం తెల్సు?" అని అడిగింది. వద్దు వద్దని వెనక నుంచి నేను చేతులు ఊపుతున్నాను. రత్న నా వైపు చూడకుండానే, నాకూ వినబడాలని గొంతు పెంచి, "అంతా తెల్సు పాపా. ఈయన దాచిపెడతాండాడని నేను గుడక దాచిపెడతాండా" అంది. నలభై రెండేళ్ళు కాపురం చేసి ఒకరికొకరం పుండు అమ్ముకున్నాం చూడు. ఆ పూట ఇద్దరం ఏడ్చాం, ఆ తరవాత చాలా మాట్లాడుకున్నాం. ఆమె మెల్లగానే మాట్లాడుతుంది, నేను పెదవులు చూసి తెలుసుకుంటున్నాను. ఇన్నేళ్ళలో ఆమె మొహం ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు.

గడియారం సంగతి నేనే చూస్తున్నాను. వచ్చి ముప్పై అయిదు రోజులు. నొప్పి పైకి ఎగదన్నింది పదకొండుసార్లు. మందు రావడానికి అన్నిటికంటే ఎక్కువ పట్టింది తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలకు కూడా మీ పాప వచ్చి ఎందుకు అంతసేపు పట్టిందో నాకు కాగితం మీద రాసి చూపించింది. నేను అడగలేదు.

వంక పెట్టకుండా ఉండలేను కాబట్టి ఒకటి: పప్పులో ఉప్పు లేదు. బల్ల మీద రాస్తానని చాక్‌పీసు అడిగాను. మీ పాప నవ్వి ఇచ్చింది. రాశాను. మరుసటి రోజు ఉప్పు సరిపోయింది.

"ఆ పిల్ల వచ్చి మంచం పట్టె పట్టుకుంటేనే నాకు సగం నెమ్మదవుతాది" అని రత్న అంటుంది. నీకు చెప్పమంది. మొహం మీద చెబితే నీకు పొగరు పెరుగుతుందని రాస్తున్నాను.

నీ
వీరభద్రయ్య


ప్రొద్దుటూరు,
27 అక్టోబరు 2025

ఓబులేసూ,

కర్మలన్నీ ముగిశాయి. ఇల్లు ఖాళీగా ఉంది.

నువ్వు దహనానికి వచ్చావు గానీ ఆ పొద్దున సంగతి నీకు చెప్పలేదు. పదింటప్పుడు రత్న పోయింది. అవతలి మంచం ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని జడ అల్లుకుంటోంది. ఆమెకు కూడా తెలియలేదు. మా అమ్మ పోవడం వీధి వీధంతా విన్నది, రత్న పోవడం నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషికి వినబడలేదు. పోయాక కూడా నేను చాలాసేపు చెయ్యి వదల్లేదు. మీ పాప వదలమనలేదు. స్నానం చేయించేటప్పుడు మా ఆడవాళ్ళు తామే చేస్తామన్నారు. రమ్యశ్రీ మాత్రం, "అక్కా, నువ్వూ రా. అత్తమ్మకు నీ చెయ్యి అలవాటు" అని యామినిని పిలిచింది.

రత్న నన్ను అడిగిన ఒక్క కోరిక తీరింది. నాకు దుఃఖం ఉంది రెడ్డీ, దాని పక్కనే గర్వమూ ఉంది. రెండూ ఒకేసారి ఉంటాయని ఈ వయసులో తెలిసింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు, ఇంట్లో పోలేదా, ఎక్కడ పోయింది అని అడుగుతున్నారు. కర్నూలులో నెమ్మది ఇంట్లో, నా స్నేహితుని కూతురి చేతుల్లో అని అందరికీ చెబుతున్నాను. ఇద్దరు ముగ్గురు మొహం అదోలా పెట్టి ఏదో అన్నారు. నేను చెవిటివాణ్ణి, నాకేం వినబడలేదు.

నువ్వు మీ ఊర్లో చెప్పావా? నాకు ఉత్తరంలో రాసినంత మాత్రాన చెప్పినట్టు కాదు.

నీ
వీరభద్రయ్య


నందికొట్కూరు,
9 నవంబరు 2025

వీరభద్రా,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి రెండు వారాలు పట్టింది. ఊరికే, చెప్పాను అని రాసేవాణ్ణే. నీకు అబద్ధం రాసే పని ఇక పెట్టుకోకూడదని ఆగాను.

నిన్న ఆంజనేయ కొడుకు పెళ్ళి. ఆంజనేయ నీకు తెలుసు, మా ఊరి పెద్దమనిషి, ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆయనకు తెలియాలి. బంతిలో కూర్చుని తింటుంటే ఆయన వచ్చి నా ఎదురుగా నిలబడి, "ఏమప్పా ఓబులేసూ, మీ పాప ఇంగా ఆ పెద్దాసుపత్రిలోనే చేస్తాండాదా?" అని అడిగాడు.

"ల్యాప్పా. అది ఇడిసిపెట్టి నాలుగేండ్లాయ. నంద్యాల రోడ్డులో నెమ్మది ఇల్లు ఉండాది గదా, ఆడ పెద్ద నర్సు."

"ఏందీ, ఆ చావులాసుపత్రిలోనా?"

"అవునప్పా, ఆడ్నే. పోయేవాళ్ళను నొప్పి ల్యాకుండా సాగనంపే పని. నువ్వు చెయ్యలేవు, నేను చెయ్యలేను. మా పాప చేస్తాండాది."

చెయ్యి విస్తట్లోనే ఉంది గానీ గొంతు పందిరంతా వినబడింది. నీతో మాట్లాడి మాట్లాడి నాకు అరవడం అలవాటైపోయింది. ఆంజనేయ, పాయసం ఇటు తీసుకురండి అని వడ్డించేవాళ్ళ మీద కేకలేస్తూ పక్కకు పోయాడు. ఆడవాళ్ళ బంతిలోంచి సిద్దమ్మ నావైపు చూసింది. పెళ్ళయిన కొత్తల్లో తప్ప నన్ను అలా చూడటం నేనెరుగను.

చెయ్యి కడుక్కుంటుంటే ఎరువుల అంగడి వీరేష్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. బంతిలో నా పక్కనే కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడనివాడు. గొంతు బాగా తగ్గించి, "అన్నా, మా యమ్మ మూణ్ణెల్ల నుంచి మంచంలో ఉండాది. ఎవురితో చెప్పుకోల్యాక ఇంట్లోనే పెట్టుకోనుండాం. శానా అరుస్తాంది. ఆ చోటు బాగుంటాదా?" అన్నాడు.

జూన్‌లో అయితే నిశ్చింతగా తీసుకుపో అని వీపు తట్టేవాణ్ణి.

"నా మాట నమ్మొద్దు వీరేషూ," అన్నాను. "రేపు నువ్వే పో. ఆడ పడుకున్నోళ్ళను అడుగు, వాళ్ళ కూతుర్లను అడుగు. ఏదన్నా లోపం కనపడితే దాచిపెట్టగాకు, తిన్నగా నా దగ్గరికి రా. నేను ఆ పెద్ద నర్సు నాయన్ను."

నీ
ఓబులేసు